తేదీ తెలిసిన మరణం

మరణం నిశ్చయమని ఎరుగని మానవుడు లేడు. అది వచ్చే దినాన్ని ఎరిగిన మానవుడు కానరాడు. ఈ రెంటి నడుమనే మన బ్రతుకులన్నీ సాగుతున్నవి. టెక్కలికి తూర్పున, భావనపాడు తీరాన, తెల్లవారకముందే తెప్పను నీళ్ళలోకి నెట్టే జాలరికి సముద్రం ఏ గడియలో ఎట్లు మారునో తెలియదు. 2018 అక్టోబరు 11 వేకువను తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడి కొబ్బరితోటలను, జీడితోటలను కూల్చివేసినది. అంతకుముందటి రాత్రి హెచ్చరికలు విన్న పల్లెలలో కూడా ఒక ఆశ మిగిలియే ఉన్నది: గాలి దారి మళ్ళవచ్చును గదా అని. ఇట్లు తెలియకుండుటయే మనకు ఊపిరి. దానిని ఆసరా చేసుకొనియే మనం విత్తనాలు చల్లుతాము, పిల్లలను బడికి పంపుతాము, మరుసటి సంవత్సరానికి అప్పు తీరుస్తామని మాట ఇస్తాము.

ఈ ఆసరా తొలగిపోయిన మనిషి ఒకడున్నాడు. అతనికి దినం తెలుసు, గంట తెలుసు, స్థలం తెలుసు. వ్యాధి లేదు, వార్ధక్యం లేదు. ఆరోగ్యం చెడితే వైద్యుడు వచ్చి మందిస్తాడు. ఆ వైద్యుడే కొన్నాళ్ళకు అతని నాడి ఆగినదని సంతకం చేయవలసి ఉంటుంది. అతడు మరణశిక్ష పడిన ఖైదీ.

మరణశిక్ష ఉండవలెనా, ఊడవలెనా అన్న వాదం పాతది. మన పాఠశాలల వక్తృత్వపు పోటీలలో ఏటేటా వినబడుతూనే ఉన్నది. హతుని పక్షాన ఒకరు, దయ పక్షాన ఒకరు మాటలాడి, చప్పట్లతో సభ ముగుస్తుంది. కాని న్యాయాధిపతి తీర్పు చదివిన దినానికీ, ఉరికంబం పలక తొలగిన దినానికీ మధ్య ఏమి జరుగుతుందని అడిగేవారు అరుదు. ఆ మధ్యకాలం ఒకటి రెండు వారాలు కాదు, ఏళ్ళు. శిక్షలో నిజమైన భాగం అదేనేమో అనిపిస్తుంది. దానిని తెలుసుకొనకుండా ఏ పక్షాన వాదించినా ఆ వాదం సగమే.

ఈ సంగతి శ్రీకాకుళం జిల్లాకు పరాయిది కాదు. 1967 మొదలు 1970 దాకా ఏజన్సీ కొండలలోనూ, ఉద్దానం తోటలలోనూ సాగిన సాయుధ పోరాటంలో ఇరువైపులా ప్రాణాలు పోయినవి. భూస్వాములు, వడ్డీవ్యాపారులు హతులైనారు. పోలీసు కాల్పులలో పలువురు యువకులు మడిసినారు. పలాస సమీపాన బొడ్డపాడులో అర్చకుడుగా ఉండి, జముకులకథతో పల్లెపల్లెను కదిలించిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో అట్టి కాల్పులలోనే మరణించినాడు. అట్లు పోయినవారికి విచారణ లేదు, తీర్పు లేదు, తేదీ లేదు. విచారణ జరిగి, తీర్పు వెలువడి, మరణశిక్ష పడినవారిలో అందరికంటె ప్రసిద్ధుడు నాగభూషణ పట్నాయక్.

ఆయన ఒడిశాలోని గుణుపురానికి చెందిన న్యాయవాది. వంశధారకు ఆవల ఉన్న ఆ పట్టణానికీ మన జిల్లాకూ రాకపోకలు, బంధుత్వాలు తరతరాలవి. పోరాటంలో చేరి అరెస్టయి, 1969లో విశాఖపట్టణం జైలునుంచి సహచరులతో తప్పించుకొని, మరుసటి యేడు కలకత్తాలో తిరిగి పట్టుబడినారు. 1970లో విశాఖ సెషన్సు న్యాయస్థానం ఆయనకు మరణశిక్ష విధించినది. చట్టం చదివిన ఆ మనిషి అప్పీలు చేయ నిరాకరించినారు, క్షమాభిక్ష కోరనన్నారు. కోరనివానికి న్యాయం ఏమి చేయవలెను? ఇక్కడనే మన చట్టంలోని ఒక విశేషాన్ని విద్యార్థులు గమనించవలెను.

సెషన్సు న్యాయాధిపతి మరణశిక్ష వ్రాసినంత మాత్రాన అది శిక్ష కాదు. ఆ తీర్పును హైకోర్టు ధ్రువీకరించవలెను. ముద్దాయి అప్పీలు చేసినా, చేయకున్నా, రికార్డు అంతా హైకోర్టుకు పోయితీరవలెను. అక్కడ కనీసం ఇద్దరు న్యాయమూర్తులు సాక్ష్యాన్ని తిరిగి తూచవలెను. ప్రాణం తీయడంలో ముద్దాయి అంగీకారం కూడా చాలదని, అతడు వలదన్నా రాజ్యం తన చేతిని తానే ఒకసారి పట్టి ఆపుకొనవలెనని దీని భావం. హైకోర్టు తరువాత సుప్రీంకోర్టు, అటుపిమ్మట పునర్విచారణ ప్రార్థన. మరణశిక్ష వ్యవహారాలలో ఆ ప్రార్థనను బహిరంగ ధర్మాసనంలోనే వినవలెనని 2014లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. అన్నీ ముగిసిన తరువాత రాజ్యాంగం 161వ అధికరణం క్రింద గవర్నరు, 72వ అధికరణం క్రింద రాష్ట్రపతి మిగులుతారు. నాగభూషణ పట్నాయక్ తాను కోరకపోయినా ఆయన తరఫున ఇతరులు కోరినారు. ఉరి యావజ్జీవశిక్షగా మారినది. 1981లో అనారోగ్య కారణాన పెరోలు మీద విడుదలై, 1998 దాకా ఆయన జీవించినారు. ఆయన సిద్ధాంతాన్ని అంగీకరించినవారు, ఖండించినవారు కూడా ఆ ఇరువదియెనిమిది సంవత్సరాలు ఒక అర్జీ వలన మిగిలిన ఆయువని ఒప్పుకొనవలసినదే.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత క్షమాభిక్షకు ఒక పద్ధతి ఏర్పరచినది. అప్పీలు త్రోసివేయబడిన సంగతి జైలు అధికారి తెలియజేసిన తరువాత 30 దినాలలోగా అర్జీ పెట్టుకొనవలెను. అర్జీదారు ఆ ఖైదీయైనా కావలెను, అతని వారసుడైనా, బంధువైనా కావలెను. నిరాకరించిన ఖైదీ మాట, బంధువులు లేని ఖైదీ మాట ఈ వాక్యం ముందు నిలిపి చూస్తే, పరులు పెట్టిన అర్జీకి గతంలో ఉండిన విలువ అర్థమవుతుంది.

ఇక కొట్టు సంగతి. 1894 నాటి కారాగారాల చట్టం 30వ విభాగం ఇంకను మన జైళ్ళలో చదవబడుతూనే ఉన్నది. మరణశిక్ష పడిన ఖైదీని ఇతర ఖైదీలకు దూరంగా ఒక కొట్టులో ఉంచవలెననీ, రేయింబవళ్ళు కాపలా ఉండవలెననీ అది చెబుతున్నది. అతడు ప్రవేశించగానే ఒళ్ళంతా సోదా చేసి, ప్రాణం తీసుకొనుటకు ఉపకరించగల వస్తువులన్నింటినీ తొలగిస్తారు. రాత్రి దీపం ఆర్పరు. గడియగడియకు వార్డరు తొంగిచూస్తాడు. చంపదలచిన మనిషిని అంతదాకా చావకుండా కాపాడుటకు ఇంత శ్రద్ధ! కాపలావాడు క్రూరుడని కాదు. తరచుగా ఆ ఖైదీతో రోజూ మాటలాడే మనిషి అతడొక్కడే. బెంచీమీద కూర్చున్న న్యాయమూర్తి ముద్దాయిని చూచేది కొన్ని దినాలు. వార్డరు చూచేది ఏళ్ళు. ఖైదీ ఏ కూరకు ముఖం ముడుచునో, ఏ ఉత్తరం వచ్చినరోజు అన్నం మాననో అతనికి తెలుస్తుంది. ఆ వార్డరే ఒక వేకువను తాళం తీయవలసి వస్తుంది.

ఈ ఏకాంతవాసం శిక్షలో భాగమా అన్న ప్రశ్న 1978లో సునీల్ బత్రా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. బత్రా స్వయంగా ఉరిశిక్ష పడిన ఖైదీ. జైలులోనుంచే అతడు ఈ వ్యాజ్యం నడిపినాడు. సెషన్సు కోర్టు తీర్పు వెలువడగానే ఖైదీని ఒంటరికొట్టులో వేయరాదనీ, అప్పీళ్ళు, క్షమాభిక్ష అన్నీ ముగిసి, ఇక ఏ అధికారీ ఆపలేని స్థితి ఏర్పడినప్పుడే అతడు చట్టరీత్యా ‘మరణశిక్ష క్రింద ఉన్న ఖైదీ’ అవుతాడనీ న్యాయస్థానం తేల్చినది. అయినను 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో ఇదే మాటను మరల చెప్పవలసి వచ్చినది. ఒకసారి పలికిన న్యాయం జైలుగోడ దాటి లోపలికి పోవుటకు ఎంతకాలం పట్టునో దీనివల్ల ఊహింపవచ్చును.

ఒంటరికొట్టు మనిషిని ఏమి చేస్తుంది? ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు మరణశిక్ష పడిన 88 మంది ఖైదీల మానసికస్థితిని పరిశీలించి 2021లో ఒక నివేదిక ప్రకటించినారు. అందులో నూటికి 62 మంది ఏదో ఒక మానసిక వ్యాధితో బాధపడుతున్నట్లు తేలినది. అదే సంస్థ 2016లో వెలువరించిన మరొక నివేదికలో, దేశంలో మరణశిక్ష పడినవారిలో నాలుగింట మూడు వంతులమంది ఆర్థికంగా దుర్బలులని కనబడినది. పూరిపాకనుంచి వచ్చినవానికి న్యాయవాది భాష తెలియదు, తీర్పు వ్రాసిన భాష తెలియదు. తన ప్రాణం గురించి పెద్దవారు పరభాషలో మాటలాడుకొనుచుండగా, బోనులో చేతులు కట్టుకొని నిలబడి, తల ఊపవలెనో ఊపరాదో తెలియక చూస్తూ ఉంటాడు.

తరువాత వచ్చేది నిరీక్షణ. క్షమాభిక్ష అర్జీ ఢిల్లీ చేరుతుంది. నెలలు గడుస్తవి, కొన్ని సందర్భాలలో పది పండ్రెండు సంవత్సరాలు గడిచినవి. ప్రతి ఉదయం అడుగుల చప్పుడు వినబడినప్పుడు ‘నేడేనా?’ అన్న ప్రశ్న. ఆ చప్పుడు టీ తెచ్చే మనిషిదే కావచ్చును. అకారణంగా ఇట్లు ఏళ్ళతరబడి ఉంచుట హింసయేనని, అది ఉరిని యావజ్జీవంగా మార్చుటకు తగిన కారణమని శత్రుఘ్న చౌహాన్ తీర్పు నిర్ణయించి, పదిహేనుమంది శిక్షలను మార్చినది. మతి చలించినవానిని ఉరితీయరాదన్నది. అర్జీ తిరస్కరింపబడిన సంగతి ఖైదీకీ, కుటుంబానికీ వ్రాతమూలకంగా తెలియజేసి, ఆ తరువాత కనీసం 14 దినాలు గడువు ఇవ్వవలెనన్నది. చివరిసారి కుటుంబాన్ని చూడనివ్వవలెనన్నది.

ఇంత స్పష్టంగా ఎందుకు చెప్పవలసివచ్చినది? 2013 ఫిబ్రవరి 9న ఢిల్లీ తీహారు జైలులో పార్లమెంటుపై దాడి కేసులో అఫ్జల్ గురును ఉరితీసినారు. ఆ వార్త తెలియజేస్తూ కుటుంబానికి పంపిన ఉత్తరం కాశ్మీరులోని ఇల్లు చేరునప్పటికి రెండు దినాలైనది. అతని నేరమెంత ఘోరమైనదని తలచినా, ఆ ఉత్తరం అందుకొన్న ఇంటివారు నేరం చేయలేదు గదా. శిక్ష ఒకనికి విధింపబడుతుంది, ఇంటిల్లిపాదికీ అమలవుతుంది.

అర్జీలన్నీ ముగిసిన పిమ్మట శిక్ష విధించిన సెషన్సు కోర్టు అమలు వారంటు పంపుతుంది. చుట్టూ నల్లని అంచు ఉండుటచేత దానికి బ్లాకు వారంటని పేరు వచ్చినది. అందులో మనిషి పేరు, తేదీ, గంట, స్థలం ఉంటవి. జైలు అధికారి దానిని ఖైదీకి చదివి వినిపించవలెను. ఆ దినంనుంచి జైలు లెక్కలు వేరు. ఖైదీని తూకం వేస్తారు. బరువును బట్టి ఎంత ఎత్తునుంచి పడవలెనో మాన్యువల్‌లో పట్టిక ఉన్నది: బరువైన దేహానికి సుమారు 6 అడుగులు, తేలికైన దేహానికి సుమారు 8 అడుగులు. లెక్క తగ్గితే ఊపిరాడక చాలసేపు వేదన పడతాడు. లెక్క మించితే మరొక ఘోరం. బీహారులోని బక్సరు జైలులో ఖైదీలు పేనిన త్రాడు ఇందుకు ప్రసిద్ధం. ముందుదినం సాయంకాలం ఖైదీ బరువుకు ఒకటిన్నర రెట్లు ఇసుక నింపిన సంచిని ఆ త్రాటికి కట్టి జారవిడిచి పరీక్షిస్తారు. కొట్టుకు చేరువలోనే ఉరికంబం ఉన్నచోట్ల ఆ చప్పుడు లోపలి మనిషికి వినబడకుండునా?

వీలునామా వ్రాయదలిస్తే వ్రాయవచ్చును. మతగ్రంథం అడిగితే ఇస్తారు. సెలవు దినాలలో ఉరి ఉండదు. వేకువను లేపి, స్నానం చేయించి, చేతులు వెనుకకు కట్టి, ముఖానికి ముసుగు తొడిగి నడిపిస్తారు. అరగంటసేపు దేహం వ్రేలాడిన తరువాత వైద్యుడు ధ్రువపరుస్తాడు. ఈ మొత్తం కార్యక్రమంలో కోపంతో పనిచేసేవాడు ఒక్కడూ ఉండడు. హత్యకూ దీనికీ గల భేదం అదియే. దీనిని తలచుకొంటే ఒళ్ళు జలదరించుటకు కారణం కూడా అదియే.

తెలుగునాట ఈ నడక చివరిదాకా నడిచినవారిలో కిష్టాగౌడ్, భూమయ్యల పేర్లు చరిత్రలో నిలిచినవి. ఆదిలాబాదు జిల్లాకు చెందిన ఈ రైతాంగ కార్యకర్తలకు హత్యానేరాలపై మరణశిక్ష పడినది. ఉరికి తేదీ నిర్ణయమగుట, చివరి ఘడియలలో ఆగుట వారి విషయంలో ఒకసారితో పోలేదు. అంటే వారు చావుకు సిద్ధపడి, బ్రతికి, మరల సిద్ధపడినారు. 1975లో వారి వ్యాజ్యం విన్న సుప్రీంకోర్టు, క్షమాభిక్ష రాష్ట్రపతి విచక్షణకు చెందినదని చెబుతూనే, ఒక అర్జీ త్రోసివేసినంత మాత్రాన ఆ అధికారం అంతరించదని పేర్కొన్నది. అత్యవసర పరిస్థితి రోజులవి. 1975 డిసెంబరు 1 వేకువను హైదరాబాదు ముషీరాబాదు జైలులో ఇద్దరినీ ఉరితీసినారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి వెలసినది. చావు వేళకు వచ్చిన చోట నేడు ప్రాణం నిలుపుటకు రాత్రింబవళ్ళు పెనుగులాడుతున్నారు.

అంతకు పూర్వం తెలంగాణా సాయుధ పోరాటంలో మరణశిక్ష పడిన వారి పక్షాన వాదించుటకు బ్రిటిషు న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సముద్రాలు దాటి వచ్చినాడు. 1951లో సుప్రీంకోర్టు వారి అప్పీళ్ళను అంగీకరింపకపోయినా, తరువాత ఆ ఉరిశిక్షలు యావజ్జీవంగా మారినవి. ఒకే రకపు నేరారోపణ, రెండు కాలాలు, రెండు ఫలితాలు. నేరాన్ని తూచే త్రాసులో కాలం కూడా ఒక రాయి వేస్తున్నదని దీనివల్ల తోచక మానదు.

హతుల మాట మరచి దయను గూర్చి మాటలాడుట అన్యాయం. 1993 మార్చి 8న చిలకలూరిపేట సమీపాన ఒక బస్సుకు దోపిడీ నిమిత్తం నిప్పు పెట్టగా 23 మంది ప్రయాణికులు సజీవంగా దహనమైనారు. వారిలో ఎవరికీ తేదీ తెలియదు. ఎవరికీ అప్పీలు లేదు. ఆ కుటుంబాలు తీర్పు కొరకు ఎదురుచూచినవి. ఇద్దరు యువకులకు ఉరిశిక్ష పడినది. సుప్రీంకోర్టు ధ్రువీకరించినది. రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష నిరాకరించినారు. 1997 మార్చిలో, ఉరి జరుగవలసిన వేళకు కొన్ని గంటల ముందు, సుప్రీంకోర్టు ఆపినది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి, పౌరహక్కుల ఉద్యమకారులు వారి ప్రాణాల కొరకు పూనుకొన్నారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చినారు. ఒకే నేరం, అవే కాగితాలు, అదే అధికరణం. ఒక రాష్ట్రపతి చూచినది ఒకటి, మరొకరు చూచినది వేరొకటి. ఈ భేదాన్ని దయ విజయమని కొందరు అన్నారు, హతులకు అవమానమని కొందరు అన్నారు. బస్సులో బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఏమి చెప్పవలెనన్న ప్రశ్నకు మాత్రం ఉరి వేసినా, వేయకున్నా జవాబు దొరకదు. ఆ తల్లిని ఆదుకొనవలసిన బాధ్యత ఉరిత్రాటి మీద పెట్టి సమాజం చేతులు దులుపుకొనుట కూడదు.

దయ సంగతి అట్లుండగా, పొరపాటు సంగతి ఉన్నది. మహారాష్ట్రలో ఒక ఘోర హత్యానేరంపై ఆరుగురికి ఉరిశిక్షను 2009లో సుప్రీంకోర్టు తానే స్థిరపరచినది. 2019 మార్చిలో అదే న్యాయస్థానం ఆ కేసును తిరిగి విని, ఆరుగురూ నిర్దోషులని విడిచిపెట్టినది. వారిలో ఒకడు నేరకాలానికి మైనరు. వారు పదహారేళ్ళు జైలులో గడిపినారు. నడుమ ఏ వేకువనైనా వారంటు అమలై ఉంటే ఆ రెండవ తీర్పు ఎవరికి చదివి వినిపించేవారు? 2016 నివేదిక లెక్కల ప్రకారం 2000 తరువాతి పదిహేనేండ్లలో క్రింది కోర్టులు విధించిన మరణశిక్షలలో తుదిదాకా నిలిచినవి నూటికి అయిదుకు లోపు. నూటికి దాదాపు ముప్పదిమంది నిర్దోషులుగా తేలినారు. ఏ ఉపాధ్యాయుడైనా దిద్దిన పత్రాలలో ఇన్ని మార్కులు మారితే, అతనిని తిరిగి పరీక్షకుడుగా పిలువరు.

దేశాంతరాలలో ఈ నిరీక్షణ తీరులు వేరు. జపానులో ఖైదీకి ఆనాటి ఉదయమే చెబుతారు. కుటుంబానికి అంతా అయిన తరువాతనే తెలుస్తుంది. అందుచేత అక్కడి ఖైదీకి ప్రతి ఉదయమూ చివరిదే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక తెలుగు యువకునికి హత్యానేరంపై 2014లో మరణశిక్ష పడినది. 2018 ఫిబ్రవరిలో అమలుకు తేదీ కూడా నిర్ణయించినారు. కాని ఆ రాష్ట్ర గవర్నరు 2015లోనే మరణశిక్షల అమలును నిలిపివేసి ఉండుటచేత ఆ తేదీ గడచిపోయినది. రష్యా రచయిత దోస్తయెవ్‌స్కీ 1849 డిసెంబరులో పీటర్సుబర్గు మైదానంలో తుపాకుల ముందు నిలబడి, చివరి నిమిషంలో శిక్ష మార్పు వార్త విన్నవాడు. ఆ నిమిషాల అనుభవం ఆయన నవలలలో జీవితాంతం వెంటాడినది. తేదీ తెలిసిన మనిషి తరువాత బ్రతికి బయటపడినా, ఆ తేదీ అతనిని విడువదని ఆయన సాహిత్యమే సాక్ష్యం.

నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగు నేలమీది ఏ జైలులోనూ ఉరి అమలు కాలేదు. కాని శిక్షలు విధింపబడుతూనే ఉన్నవి, కొట్లు ఉన్నవి, వాటిలో మనుషులున్నారు. మరణశిక్షను అత్యంత అరుదైన సందర్భాలకే పరిమితం చేయవలెనని 1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఏది అరుదైనదో నిర్ణయించుటకు నేరాన్నే కాక నేరస్థుని బ్రతుకును కూడా చూడవలెనని ఆ తీర్పే చెప్పినది. ఒక మనిషి బ్రతుకును చూచుట ఉపాధ్యాయులకు నిత్యం అలవడిన విద్య. తప్పుచేసిన పిల్లవానిని శిక్షించేముందు వాని ఇంట ఏమి జరుగుతున్నదని విచారించిన ప్రతి మాస్టారికీ ఈ సూత్రం తెలిసినదే. ఆ విచారణ శిక్షను రద్దు చేయదు. శిక్షించే చేతిని తొందరపడనీయదు.

అమలు వారంటుకు ఒక నియమం ఉన్నది. ఉరి ముగిసిన తరువాత జైలు అధికారి ఆ కాగితంమీదనే, శిక్ష ఎట్లు అమలైనదీ వ్రాసి, సంతకం చేసి, జారీచేసిన కోర్టుకు తిరిగి పంపవలెను. గుమాస్తా దానిని కట్టలో చేర్చి బీరువాలో పెడతాడు. మన పేరున, ప్రజలందరి పేరున జరిగిన పనికి రసీదు అది. ఏదో ఒకనాడు న్యాయవాదులు, న్యాయమూర్తులు, శాసనసభ్యులు కాబోయే విద్యార్థులు ఆ కట్ట విప్పి చూచినప్పుడు, ఆ సంతకానికి ముందు గడచిన సంవత్సరాలు కూడా వారి కంటికి కనబడవలెను.